ఉప్పునీటిలో బిగిసిన గచ్చు

సముద్రపుటొడ్డున గోడ కట్టడం గొప్ప కాదు. కట్టిన గోడను నిలబెట్టుకోవడం గొప్ప. అల వచ్చి కొడుతుంది, వెనుకకు పోతుంది, మళ్లీ వచ్చి కొడుతుంది. దానికి అలసట లేదు. అల కంటె కూడ ఆ నీటిలోని ఉప్పు మరింత ప్రమాదకరమైనది. అది చప్పుడు లేకుండా గోడలోని సందులలో చొరబడి లోపలి ఇనుపకడ్డీలను తుప్పు పట్టిస్తుంది. తుప్పుపట్టిన కడ్డీ ఉబ్బుతుంది. ఉబ్బిన కడ్డీ తన చుట్టూ ఉన్న కాంక్రీటును చీల్చివేస్తుంది. అందువల్లనే సముద్రంలో కట్టే కాంక్రీటు కట్టడాలకు యాభై ఏండ్లో, నూరేండ్లో ఆయుర్దాయం ముందుగానే లెక్కగట్టి ఇంజనీర్లు పని ప్రారంభిస్తారు.

ఇటలీ దేశపు పడమటి తీరాన మాత్రం ఈ లెక్కకు లొంగని కట్టడాలు కొన్ని ఉన్నాయి. రెండు వేల సంవత్సరాల క్రిందట రోమనులు కట్టిన రేవుగోడల దిమ్మెలు అవి. వాటిని కట్టించిన సామ్రాజ్యం అంతరించింది. ఆ రేవులకు వచ్చిన ఓడల జాడ లేదు. దిమ్మెలు మాత్రం అలల మధ్య నిలిచే ఉన్నాయి. శాస్త్రజ్ఞులు ఆ దిమ్మెలను తొలిచి, లోపలి గచ్చును పలుచని బిళ్లలుగా అరగదీసి పరీక్షించగా అందులో సన్నని రేకుల వంటి స్ఫటికాలు కనిపించాయి. ప్రకృతిలో చాల అరుదుగా దొరికే ఒక ఖనిజం అది. కాల్షియం, సిలికా, నీరు కలిసి ఏర్పడిన ఆ ఖనిజం పేరు టోబర్మొరైటు.

ఈ ఖనిజం ఎక్కడ పుడుతుంది, ఎందుకు పుడుతుంది అన్న ప్రశ్న ఒకప్పుడు రాళ్లను సేకరించేవారికి మాత్రమే సంబంధించినదిగా ఉండేది. నేడు అది ఇల్లు కట్టుకొనే ప్రతివారికీ, సముద్రతీరాన బ్రతికే ప్రతివారికీ సంబంధించిన ప్రశ్న అయినది. ఆ మార్పు ఎట్లా వచ్చిందో తెలియాలంటే ముందుగా ఈ ఖనిజానికి పేరు పెట్టిన ఊరికి పోవలెను.

స్కాట్లండు దేశానికి పడమరగా మల్ అనే ద్వీపం ఉన్నది. ఆ ద్వీపంలో ఒక చిన్న ఓడరేవు టోబర్మొరి. అక్కడి గేలిక్ భాషలో ఆ పేరుకు మేరీమాత బావి అని అర్థం. ద్వీపంలో చాల భాగం అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టగా ఏర్పడిన నల్లరాయి. దానినే భూగర్భశాస్త్రజ్ఞులు బసాల్టు అంటారు. సుమారు ఆరు కోట్ల సంవత్సరాల క్రిందట ఆ లావా ప్రవహించింది. లావా చల్లబడేటప్పుడు అందులోని వాయువులు బుడగలుగా పైకి లేస్తాయి. రాయి గట్టిపడే లోపల బయటపడలేని బుడగలు గుంటలుగా మిగిలిపోతాయి. ఆ గుంటలే తరువాత ఖనిజాలకు పురిటిళ్లు అవుతాయి.

1880వ సంవత్సరంలో మాథ్యూ ఫార్‌స్టర్ హెడిల్ అనే ఆచార్యుడు టోబర్మొరి దగ్గర ఇట్టి గుంటలలో దొరికిన, లేత గులాబీ ఛాయ గల తెల్లని ముద్ద వంటి పదార్థాన్ని పరీక్షించి, అది అంతకు ముందు ఎవ్వరూ ఎరుగని ఖనిజమని ప్రకటించాడు. హెడిల్ వైద్యవిద్య చదివినవాడు. సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించినవాడు. కాని ఆయన మనసు ఎప్పుడూ కొండలమీదనే ఉండేది. బరువైన సుత్తి భుజాన వేసుకొని స్కాట్లండు కొండలన్నీ ఎక్కి రాళ్లు పగులగొట్టి పోగుచేశాడు. ఆయన 1897లో మరణించిన తరువాత, ఆ దేశపు ఖనిజాలను గురించి ఆయన వ్రాసిన బృహద్గ్రంథం 1901లో వెలువడింది. టోబర్మొరి రేవు పేరిట తాను నామకరణం చేసిన ఆ తెల్లని ముద్ద మనుషుల గోడలలో ఎంత పని చేయనున్నదో ఆయనకు తెలియదు.

ఆ గుంటలో ఖనిజం ఎట్లా పుట్టింది? లావా పూర్తిగా చల్లారకముందే వాననీరు, ఊటనీరు దాని సందులలోకి దిగుతుంది. క్రింది వేడికి ఆ నీరు కాగుతుంది. కాగిన నీరు ఊరకుండదు. రాతిని కొద్దికొద్దిగా కరగించుకొంటుంది. రాతిలోని కాల్షియం, సిలికా ఆ నీటిలో చేరుతాయి. నీరు సున్నపుతేటవలె క్షారగుణం పొందుతుంది. అట్టి నీరు గుంటలోకి చేరి కొంత చల్లబడినప్పుడు, తాను మోసుకొచ్చిన సరుకును అక్కడ దించివేస్తుంది. దించిన సరుకే స్ఫటికం. అయితే ఈ పనికి కొలతలు చాల ఖచ్చితంగా కుదరవలెను. కాల్షియం, సిలికా తగినపాళ్లలో ఉండవలెను. వేడి మరీ ఎక్కువైతే వేరే ఖనిజం పుడుతుంది. మరీ తక్కువైతే స్ఫటికం రూపు దిద్దుకోకుండా జిగురుగానే మిగిలిపోవడం సాధారణం. బొగ్గుపులుసు వాయువు సోకితే కాల్షియం దానితో కలిసి సున్నపురాయిగా మారుతుంది. ఇన్ని షరతులు ఒక్కచోట కూడిరావడం అరుదు గనుకనే టోబర్మొరైటు అరుదు.

మల్ ద్వీపపు నల్లరాయి తెలుగువారికి కొత్తది కాదు. దక్కను పీఠభూమి మీద పరచుకొన్న లావా పొరలు కూడ ఆ జాతి రాయే. వాటి వయస్సు సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాలు. ఆ పొరల అంచులు తెలంగాణలో ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతాలకు వస్తాయి. రాజమహేంద్రవరం దగ్గర కూడ ఆ నల్లరాయి పొర కనిపిస్తుంది. మహారాష్ట్రలో పూనా, నాసిక్, జల్గాం ప్రాంతాల రాతిగనులలో ఈ బసాల్టు గుంటలను పగులగొట్టినప్పుడు దూదిపింజవలె తెల్లగా, మెత్తగా కనిపించే ఓకెనైటు అనే ఖనిజం దొరుకుతుంది. అదియును కాల్షియం, సిలికా, నీరు కలిసినదే. టోబర్మొరైటుకు దాయాది అనవచ్చును.

హెడిల్ ప్రకటన తరువాత డెబ్బై సంవత్సరాల పాటు ఈ ఖనిజాన్ని గురించి ఎక్కువగా పట్టించుకొన్నవారు లేరు. 1952లో బ్రిటిష్ మ్యూజియం శాస్త్రజ్ఞులు క్లారింగ్‌బుల్, హే అనువారు దానిని మళ్లీ పరీక్షించారు. ఆ సంవత్సరమే లండనులో బెర్నాల్, జెఫరీ, టేలర్ అనువారు సిమెంటు నీటితో కలిసినప్పుడు ఏమి జరుగుతుందో ఎక్స్‌కిరణాల సహాయంతో తేల్చడానికి చేసిన కృషిని ప్రచురించారు. 1956లో హెలెన్ మెగా అనే విదుషి, కెల్సీ అనే సహచరునితో కలిసి, టోబర్మొరైటు అణువుల అమరికను గూర్చి వెల్లడించారు. ఈ పరిశోధనలన్నీ కొద్ది సంవత్సరాలలోనే ఒకదాని వెంట ఒకటి రావడం కాకతాళీయం కాదు. కొండగుంటలోని అరుదైన ఖనిజానికీ, ప్రతి వీధిలో కలిపే సిమెంటుకూ చుట్టరికం ఉన్నదని అప్పటికి తేలింది.

ఆ చుట్టరికం ఎట్టిదో తెలియడానికి ఖనిజం లోపలి అమరికను ఊహించుకోవలెను. ఒక పుస్తకాన్ని తీసుకొందాము. అందులోని ప్రతి కాగితం కాల్షియం, ఆక్సిజన్ పరమాణువులతో అల్లిన పలక. ఆ కాగితానికి రెండువైపులా వ్రాసిన గీతలవలె సిలికా గొలుసులు అంటుకొని ఉంటాయి. ఆ గొలుసులో ఒక్కొక్క మెలిక ఒక సిలికాన్ పరమాణువు, దాని చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు. ప్రతి మూడు మెలికలకు ఒకసారి గొలుసు అమరిక మళ్లీ మొదటికి వస్తుంది. కాగితానికీ కాగితానికీ నడుమ నీరు, మరికొంత కాల్షియం ఉంటాయి. ఈ నీటి ఎక్కువతక్కువలనుబట్టి ఖనిజంలో మూడు రకాలు ఉన్నాయి: పొరకూ పొరకూ మధ్య దూరం 14, 11, 9 ఆంగ్‌స్ట్రాములు గలవి. ఆంగ్‌స్ట్రాము అనగా మిల్లీమీటరులో కోటవ వంతు. తడి ఎక్కువ గల 14 ఆంగ్‌స్ట్రాముల రకాన్ని కొంత వేడిచేస్తే నీరు కోల్పోయి 11 ఆంగ్‌స్ట్రాములకు కుంచించుకొంటుంది. సుమారు 300 డిగ్రీల వేడికి 9కి దిగుతుంది.

ఇక సిమెంటు సంగతి. నేడు లోకమంతా వాడుతున్న పోర్ట్‌లాండు సిమెంటుకు 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ పనివాడు పేటెంటు పొందాడు. సున్నపురాయినీ, బంకమట్టినీ కలిపి సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చి, ఏర్పడిన గడ్డలను పొడిచేస్తే నేటి సిమెంటు తయారవుతుంది. ఆ పొడిలో నీరు పోసినప్పుడు కాల్షియం, సిలికా, నీరు కూడి ఒక జిగురు పుడుతుంది. ఇసుకనూ కంకరనూ కలిపి పట్టి ఉంచేది ఆ జిగురే. దాని అమరిక టోబర్మొరైటు అమరికను పోలి ఉన్నది. కాని చక్కగా కుట్టిన పుస్తకంవలె గాక, గాలికి చెదరిన కాగితాల కుప్పవలె ఉన్నది. 1950వ, 60వ దశాబ్దాలలో శాస్త్రజ్ఞులు దానిని టోబర్మొరైటు జిగురు అనే అర్థం వచ్చే పేరుతోనే పిలిచేవారు. మామూలు వేడిలో, మామూలు సిమెంటులో ఆ జిగురు క్రమమైన స్ఫటికంగా మారదు. అది మారగలిగితే గోడకు ఏమి లాభం అన్నదే తరువాతి ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు సూచనగా ఫ్రాన్సు దేశంలో అంతకు చాల ముందే లభించింది. అక్కడ వోజ్ పర్వతప్రాంతంలో ప్లోంబియేర్ అనే ఊరిలో వేడినీటి ఊటలు ఉన్నాయి. రోమనులు ఆ ఊటల చుట్టూ సున్నపుగచ్చుతో, ఇటుకలతో స్నానశాలలు కట్టారు. శతాబ్దాల తరబడి వేడినీరు ఆ కట్టుబడిలో ఊరుతూ వచ్చింది. పందొమ్మిదవ శతాబ్దం మధ్యభాగంలో ఆ పాత కట్టుబడిని తవ్వినప్పుడు, గాబ్రియేల్ ఓగ్యుస్త్ దోబ్రే అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ ఇటుకలలోనూ గచ్చులోనూ కొత్త ఖనిజాలు పుట్టి ఉండటం గమనించాడు. అవి లావా గుంటలలో దొరికే జాతి ఖనిజాలు. వాటిలో ఒకదానికి 1858లో ఆయన ఊరి పేరిట ప్లోంబియేరైటు అని పేరు పెట్టాడు. పైన చెప్పిన 14 ఆంగ్‌స్ట్రాముల టోబర్మొరైటు అదే. మనిషి కట్టిన గోడలో, మనిషి తలపెట్టని ఖనిజాన్ని వేడినీరు పుట్టించింది. గోడ కట్టడం పూర్తి అయినా గోడలోని పని పూర్తి కాలేదన్నమాట.

వేడినీటి ఊట దగ్గర జరిగినది చల్లని సముద్రంలో కూడ జరుగుతుందా? ఇటలీ రేవుల దిమ్మెలు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాయి.

నేపుల్సు నగరానికి పడమరగా ఉన్న నేల అంతా అగ్నిపర్వతాల మయం. దానికి గ్రీకులు మండే పొలాలు అనే అర్థం గల పేరు పెట్టారు. ఆ సముద్రపు పాయ ఒడ్డున పొట్సువోలి అనే ఊరు ఉన్నది. ఆ చుట్టుపట్ల దొరికే అగ్నిపర్వతపు బూడిదకు ఆ ఊరి పేరుమీదనే పోజొలానా అని పేరు వచ్చింది. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో విట్రూవియస్ అనే వాస్తుశాస్త్రజ్ఞుడు తన గ్రంథంలో ఈ బూడిదను ప్రశంసించి, సముద్రంలో కట్టేటప్పుడు సున్నం ఒక పాలు, బూడిద రెండు పాళ్లు కలపవలెనని చెప్పాడు. కొయ్యపలకల పెట్టెలను నీటిలోకి దించి, వాటిలో ఈ గచ్చును, రాతిముక్కలను నింపేవారు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ప్లీని అనే పండితుడు తన ప్రకృతి చరిత్ర ముప్పది అయిదవ భాగంలో ఈ బూడిద అలలు తాకగానే ఒకే రాయిగా మారి దినదినానికీ బలపడుతుందన్న భావం వ్రాశాడు. ఆయన విన్నమాట వ్రాసినవాడు కాదు. ఆ సముద్రపు పాయ చివరనే ఉన్న మిసేనంలో రోమను నౌకాదళానికి అధిపతిగా ఉన్నవాడు. క్రీస్తుశకం 79లో వెసూవియస్ ప్రేలినప్పుడు ఆ తీరాననే మరణించాడు.

ఈ బూడిద ఖ్యాతి ఎంతటిదంటే, క్రీస్తుకు పూర్వం 22వ సంవత్సరం ప్రాంతంలో హేరోదు రాజు పాలస్తీనా తీరాన కైసరియాలో రేవు కట్టడానికి పూనుకొన్నప్పుడు నేపుల్సు ప్రాంతపు బూడిదనే ఓడల మీద తెప్పించాడు. అక్కడి దిమ్మెలను పరీక్షించినవారు ఆ బూడిద పుట్టినచోటును గుర్తించగలిగారు.

2002 నుంచి 2009 వరకు ఓల్సన్, బ్రాండన్, హోల్‌ఫెల్డర్ అనే పండితుల ఆధ్వర్యాన రోమను రేవుల గచ్చును పరిశీలించే మహాకార్యం నడిచింది. మధ్యధరా సముద్రతీరంలో అనేక రేవులలో దిమ్మెలను తొలిచి, కడ్డీల వంటి నమూనాలను బయటికి తీశారు. ఆ నమూనాలను భూగర్భశాస్త్రజ్ఞురాలు మేరీ జాక్సన్, అమెరికాలో బర్క్‌లీ పరిశోధనాలయంలోని శక్తిమంతమైన ఎక్స్‌కిరణాల క్రింద, సహచరులతో కలిసి పరీక్షించారు. వారి ఫలితాలు 2013లోనూ, 2017లోనూ వెలువడ్డాయి.

వారు తేల్చిన విషయం ఇది. రోమనులు కాల్చిన సున్నాన్ని బూడిదతో కలిపి సముద్రంలో నింపినప్పుడు, సున్నం నీటిని తాకి కాగింది. దిమ్మె పెద్దది గనుక ఆ వేడి లోపలనే నిలిచింది. పొట్సువోలి సముద్రపు పాయలోని ఒక దిమ్మె నడుమ వేడి సుమారు 90 డిగ్రీల వరకు పెరిగి ఉంటుందనీ, అది సముద్రపు చల్లదనానికి దిగడానికి రెండు సంవత్సరాలు పట్టి ఉంటుందనీ లెక్కగట్టారు. ఆ రెండు సంవత్సరాలూ ఆ దిమ్మె, మల్ ద్వీపపు లావా గుంటవలెనే పనిచేసింది. సున్నపు ఉండలలో అల్యూమినియం కొంత చేరిన టోబర్మొరైటు స్ఫటికాలు పుట్టాయి. ఆ అల్యూమినియం బూడిద నుంచి వచ్చినదే.

అంతటితో కథ ముగిసి ఉంటే విశేషం సగమే. టస్కనీ తీరంలో కోసా రేవు దిమ్మెలను పరీక్షించినప్పుడు మరొక సంగతి తెలిసింది. దిమ్మె పూర్తిగా చల్లబడిన తరువాత కూడ, తరతరాల తరబడి, సముద్రపు నీరు అందులో ఊరుతూ అగ్నిపర్వతపు గాజుపొడిని కొంచెం కొంచెంగా కరగించింది. కరగిన సరుకుతో నీటికి క్షారగుణం వచ్చింది. ఆ నీటి నుంచి, నురుగురాయి ముక్కలలోని బొరియలలోనూ, గచ్చులోని సందులలోనూ టోబర్మొరైటు, ఫిలిప్సైటు అనే మరొక ఖనిజం, రెండూ నెమ్మదిగా పెరిగాయి. రేకుల వంటి ఆ స్ఫటికాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని సందులను పూడ్చాయి. బీట పారబోయే చోట ఆ రేకులు అడ్డు నిలిచాయి. నేటి కాంక్రీటులో గట్టిపడిన తరువాత లోపల కొత్తపదార్థం పెరిగితే అది ఉబ్బి కాంక్రీటును పగులగొడుతుంది. రోమను గచ్చులో పెరిగినది దానికి కుట్టువేసింది. ఏ నీరు నేటి గోడకు శత్రువో ఆ నీరే నాటి గోడకు తాపీమేస్త్రీ అయినది.

చల్లబడిన గచ్చులో ఇంత పని జరిగినదనడానికి ప్రకృతిలో సాక్ష్యం ఉన్నదా అని అడుగవచ్చును. ఆ సాక్ష్యం ఐస్‌లాండు దేశపు దక్షిణ సముద్రంలో, ఇప్పటి పెద్దలు పుట్టిన తరువాత పుట్టిన ఒక ద్వీపంలో ఉన్నది. 1963 నవంబరు 14న చేపలు పట్టేవారు సముద్రంలోనుంచి నల్లని పొగ లేవడం చూశారు. సముద్రగర్భంలో అగ్నిపర్వతం ప్రేలి, కొద్ది దినాలలోనే ద్వీపం పైకి తేలింది. నార్సు పురాణాలలోని సుర్త్ అనే అగ్నిదైత్యుని పేరిట దానికి సుర్ట్సే అని పేరు పెట్టారు. 1967 జూన్ 5 వరకు ప్రేలుళ్లు సాగాయి. శాస్త్రజ్ఞులు తప్ప మరెవ్వరూ అడుగు పెట్టకుండా ఐస్‌లాండు ప్రభుత్వం 1965లోనే దానిని కాపాడే ఏర్పాటు చేసింది. 2008లో అది ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేరింది.

సుర్ట్సే పుట్టినప్పుడు చాలవరకు వదులైన బూడిదకుప్ప. అలలు దానిని అంచులనుంచి కోసివేస్తూనే వచ్చాయి; నేడు ద్వీపం మొదటి విస్తీర్ణంలో సగం మాత్రమే మిగిలినది. కాని నడుమ భాగం కరగలేదు. లోపలి వేడికి కాగిన సముద్రపు నీరు ఆ బూడిదలో ఊరి, కొద్ది సంవత్సరాలలోనే దానిని గట్టి రాయిగా బిగించింది. 1979లో 181 మీటర్ల లోతుకు తొలిచి చూసినప్పుడు ఆ రాతిలో టోబర్మొరైటు, ఫిలిప్సైటు దొరికాయి. అక్కడి వేడి సుమారు 140 డిగ్రీల వరకు ఉన్నది. 2017లో మళ్లీ తొలిచి ఆ మార్పు ఎట్లా సాగుతున్నదో పరిశీలించారు. రోమనుల దిమ్మెలో ఉన్న రెండు ఖనిజాలే ఇక్కడా ఉన్నాయి. మనిషి సున్నం కలిపి చేసిన పనిని, సుర్ట్సేలో ప్రకృతి బూడిదతో, వేడినీటితో తానే చేసుకొన్నది. అలలు వదులుబూడిదను తినివేసిన తరువాత కూడ ఈ గట్టిపడిన నడుమభాగం చాలకాలం నిలుస్తుందని శాస్త్రజ్ఞుల అంచనా.

ఈ జ్ఞానం నేడు ఎందుకు అవసరమైనదో చెప్పవలసి ఉన్నది. మనుషుల పనులవల్ల లోకంలో వెలువడే బొగ్గుపులుసు వాయువులో సుమారు 8 శాతం సిమెంటు తయారీవల్లనే వస్తున్నది. అందులో సగానికి పైగా బొగ్గు మండించినందువల్ల వచ్చేది కాదు. సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాతినుంచే బయటపడేది. ఆ వాయువు భూమిని వేడెక్కిస్తున్నది. వేడెక్కిన భూమిమీద సముద్రమట్టం పెరుగుతున్నది. పెరిగే సముద్రాన్ని ఆపడానికి మరిన్ని గోడలు కట్టవలసి వస్తున్నది. ఆ గోడలకు మళ్లీ సిమెంటే కావలెను. సిమెంటు తయారీలో చైనా తరువాత రెండవ స్థానం భారతదేశానిది. గోడ ఒక్కటి నూరేండ్లకు బదులు మరొక నూరేండ్లు నిలిస్తే, కాల్చనవసరం లేని సున్నపురాయి ఎంతో లెక్కవేసుకోవచ్చును. రోమనులు సున్నాన్ని సుమారు 900 డిగ్రీల వేడిలోనే కాల్చారు. గచ్చులో సున్నం పాలు కూడ తక్కువగానే ఉంచారు.

అంతమాత్రాన రోమనుల గచ్చును ఉన్నదున్నట్లు వాడుకోవడం సాధ్యం కాదు. అది నెమ్మదిగా గట్టిపడుతుంది. బరువు మోయడంలో నేటి కాంక్రీటుకు సాటి రాదు. అందులో ఇనుపకడ్డీలు లేవు గనుకనే తుప్పు బాధ లేదు. కడ్డీలు లేనిదే నేటి వంతెనలు, మేడలు నిలువవు. కావలసినది పాతదానిని నకలు చేయడం కాదు, దానిలోని కిటుకును గ్రహించడం.

నేటి సిమెంటులో కూడ ఆ కిటుకు పనిచేస్తుందనడానికి జపానులో ఒక నిదర్శనం దొరికింది. పసిఫిక్ తీరాన హమఓకా అణువిద్యుత్కేంద్రంలో, మూసివేసిన మొదటి యూనిట్ గోడలను నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు తొలిచి పరీక్షించారు. మందమైన ఆ గోడల లోపల పదహారు సంవత్సరాలకు పైగా 40 నుంచి 55 డిగ్రీల వేడి నిలిచి ఉన్నది, తేమ ఆరిపోలేదు. ఆ గోడలలో అల్యూమినియం గల టోబర్మొరైటు పుట్టి ఉన్నది. గోడ బలం కట్టిననాటి అంచనాకు మూడింతలకు మించి పెరిగినది. సిమెంటు జిగురు కంకరరాతిలోని ఖనిజాలను కొంత కరగించుకొని ఈ స్ఫటికాన్ని అల్లుకొన్నదని పరిశోధకులు 2020 ప్రాంతంలో ప్రకటించారు. రెండు వేల ఏండ్లు ఆగనవసరం లేదనీ, వేడి, తేమ, తగిన రాయి కుదిరితే పదహారు ఏండ్లలోనే ఆ పని జరుగుతుందనీ దీనివల్ల తెలిసింది.

ఇంకా త్వరగా కావలెనంటే ఆ ఉపాయం కూడ మనిషికి తెలుసును. 1920వ దశాబ్దంలో స్వీడనులో కనిపెట్టిన పద్ధతిలో సున్నం, సిమెంటు, మెత్తని ఇసుకపొడి లేక బొగ్గుబూడిద, చిటికెడు అల్యూమినియం పొడి కలిపి పొంగించి, మూసిన పాత్రలో సుమారు 190 డిగ్రీల ఆవిరిలో కొన్ని గంటలు ఉడికిస్తారు. అప్పుడు పుట్టే తేలికైన దిమ్మెలలో అంటు పదార్థం ముఖ్యంగా టోబర్మొరైటే. నేడు హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలో మేడల గోడలకు ఎర్ర ఇటుకలకు బదులు పేరుస్తున్న బూడిదరంగు తేలిక దిమ్మెలు ఇవే. హెడిల్ కొండలెక్కి వెదికిన అరుదైన ఖనిజం నేడు లారీలలో వీధివీధికి వస్తున్నది. ఈ ఖనిజానికి మరొక గుణమున్నదని 1983లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో శ్రీధర్ కొమర్నేని, డెల్లా రాయ్ వెల్లడించారు. దాని పొరల నడుమ ఉన్న అయనులను వదలి, వాటి చోట సీజియం వంటి ఇతర అయనులను పట్టుకొనే శక్తి అది. అణుకేంద్రాల వ్యర్థాలలోని సీజియంను బంధించే ఆలోచనకు ఇది దారి చూపింది.

తెలుగునాట సిమెంటు రాకముందు ఇండ్లూ, కోటలూ, కాలువల లాకులూ కట్టినది సున్నపుగచ్చుతోనే. ఎద్దులు తిప్పే రాతిగానుగలో సున్నాన్ని, ఇసుకను తడిపి నూరగా వచ్చేది డంగు సున్నం. తడి తగిలే చోట కట్టేటప్పుడు అందులో బాగా కాలిన ఇటుకల పొడి కలిపేవారు. దానినే సుర్కీ అన్నారు. కాలిన మట్టిలోని సిలికా, అల్యూమినియం సున్నంతో కలిసి నీటిలో కూడ గట్టిపడే గుణాన్ని ఇస్తాయి. పొట్సువోలి బూడిద చేసే పనిని తెలుగునేలమీద ఇటుకపొడి చేసింది. అగ్నిపర్వతం లేనిచోట మేస్త్రీ ఇటుకబట్టీనే అగ్నిపర్వతంగా చేసుకొన్నాడు. రోమనులు కూడ తమ గచ్చులో ఇటుకపొడి వాడటం ఎరుగుదురు.

నేడు ఆ పనిని బొగ్గుబూడిద చేస్తున్నది. రామగుండం, ఇబ్రహీంపట్నం వంటి చోట్ల విద్యుత్కేంద్రాలలో బొగ్గు మండగా మిగిలే సన్నని బూడిదలో కూడ గాజువంటి సిలికా, అల్యూమినియం ఉన్నాయి. దానిని కలిపి చేసే సిమెంటుకు ఆ ఇటలీ ఊరి పేరే పెట్టారు. దుకాణంలో సిమెంటు సంచిని చూస్తే దానిమీద పోర్ట్‌లాండు పోజొలానా సిమెంటు అని అచ్చువేసి ఉంటుంది. ఇంగ్లండులోని ఒక రాతి పేరు, ఇటలీలోని ఒక ఊరి బూడిద పేరు ఆ ఒక్క సంచిమీద కలిశాయి. ఆ బూడిద ఎంత కలిస్తే అంత సున్నపురాయిని కాల్చే పని తప్పుతుంది.

బడిలో ఉపాధ్యాయుడు ఖనిజాల పాఠం చెప్పేటప్పుడు మార్పు లేనిదే రాయి అని చెప్పడం అలవాటు. టోబర్మొరైటు కథ దీనికి విరుద్ధంగా ఉన్నది. మల్ ద్వీపపు నల్లరాతి గుంట, ప్లోంబియేర్ స్నానశాల, కోసా రేవుదిమ్మె, సుర్ట్సే బూడిదకుప్ప, హమఓకా గోడ, ఇవన్నీ నిలిచినది మారనందువల్ల కాదు. లోపల మారుతూ ఉన్నందువల్లనే. నీటిని బయటనే ఆపవలెనని నేటి ఇంజనీరు గోడ కడతాడు. నీరు ఎట్లాగూ వస్తుందని ఎరిగి, వచ్చిన నీటికి లోపల పని కల్పించినది రోమను మేస్త్రీ గచ్చు. అతనికి ఈ ఖనిజం పేరు తెలియదు. తన చేతిలోని బూడిద గుణం తెలుసును. పేరు తెలిసిన నేటివారు ఆ గుణాన్ని సముద్రతీరాల గోడలలో మళ్లీ పుట్టించగలరా అన్నది ఇప్పుడు పరిశోధనాలయాలలో తేలవలసిన సంగతి. అంతవరకు ఆ దిమ్మెలు సముద్రంలో తమ పని తాము చేసుకొంటూనే ఉంటాయి.